అక్షింతల పురుగు: ఒక పేరు, రెండు జీవులు

తెలుగు వ్యవసాయ వాఙ్మయంలో ‘అక్షింతల పురుగు’ అనే పేరు పరస్పర విరుద్ధ స్వభావాలు గల రెండు జీవులకు వాడుకలో ఉంది. పేనుబంకను తిని పైరును కాపాడే మిత్ర పురుగుకూ అదే పేరు; వంగ ఆకులను గోకి తినే శత్రు పురుగుకూ అదే పేరు. రెండూ ఒకే తోటలో కనిపించవచ్చు కనుక, పేరును నమ్మి మందు కొట్టిన రైతు తనకు మేలు చేసేదాన్నే చంపుకునే ప్రమాదం ఉంది.

హైదరాబాదు పాతబస్తీలో మూడో జీవి కూడా ఈ చర్చలోకి వస్తుంది. ఆరుద్ర కార్తె వానలకు నేల మీద కనబడే మఖమల్ ఎరుపు జీవిని తెలుగులో ఆరుద్ర పురుగు అనీ, ఉర్దూలో బీర్ బహూటీ అనీ అంటారు. ఇది యునానీ ఔషధ ద్రవ్యం. చార్మినార్ చెంత నిజామియా యునానీ ఆసుపత్రి ఉన్న ఆ ప్రాంతానికి ఈ పరిభాష కొత్త కాదు. ఎరుపును బట్టి దీన్ని అక్షింతల పురుగుతో కలపరాదు. దీనికి ఎనిమిది కాళ్ళు, రెక్కలు లేవు. ఇది సాలీడు వర్గానికి చెందినది.

ఈ అయోమయం ఒకప్పుడు లాటిన్ పేర్లలోనూ ఉంది. 1758లో లిన్నేయస్ ఏడు చుక్కల పురుగును కాక్సినెల్లా ప్రజాతిలో చేర్చాడు. 1775లో ఫాబ్రీసియస్ ఇరవై ఎనిమిది చుక్కల వంగ పురుగునూ అదే ప్రజాతి కింద వర్ణించాడు. ఆకులు తినేవాటికి ఎపిలాక్నా అనే పేరు 19వ శతాబ్దంలో గాని రాలేదు. లాటిన్ పేర్లు అలా విడిపోయాయి. తెలుగు పేరు ఒకటిగానే మిగిలింది.

తల్లి పురుగుల్లో తేడా పట్టడం కొంత సులభం. ఏడు చుక్కల దాని వీపు నున్నగా మెరుస్తుంది. ఎపిలాక్నా వీపు మీద సన్నని నూగు ఉండి మెరుపు తగ్గుతుంది. గుడ్ల దగ్గరే చిక్కు. రెండూ పసుపు రంగులో, ఆకు అడుగున, నిలువుగా, గుంపులుగా ఉంటాయి. అక్కడ గుడ్డు కన్న పరిసరమే మంచి సాక్ష్యం: దగ్గరలో పేనుబంక ఉందా, లేక ఆకు ఈనెల వలగా మారిందా అని చూడాలి. పిల్ల పురుగుల్లో మిత్రునిది ముదురు బూడిద రంగు, నారింజ మచ్చలు, చిన్న మొసలిని తలపించే పొడవాటి ఒళ్ళు, చురుకైన నడక. ఎపిలాక్నా పిల్ల లేత పసుపు. ఒంటినిండా కొమ్మలుగా చీలిన ముళ్ళు.

‘అక్షింత’ అన్న పోలిక తల్లి పురుగు రూపానికే సరిపోతుంది. పేనుబంకను విస్తారంగా తినే పిల్ల పురుగు ఆ పోలికకు అందదు. రైతు దాన్ని పరాయిదిగా చూడడానికి ఇదొక కారణమని నా అభిప్రాయం. పాతబస్తీకి చేరువలోని రాజేంద్రనగర్‌లో 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడినప్పటి నుంచి తెలుగు శాస్త్ర పరిభాష విస్తరిస్తూనే ఉంది. అక్షింతల పురుగు అనే పేరును మిత్రునికే ఉంచి, రెండోదాన్ని ఇప్పటికే వాడుకలో ఉన్న ‘ఎపిలాక్నా పెంకుపురుగు’ అని మాత్రమే రాయడం ఉచితం.