దంతనాళ శోధనము: సుశ్రుతుని నుండి గుణుపురము వరకు

వంశధారా తీరమునందలి గుణుపురము పూర్వము మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణ మండలమున జయపుర సంస్థానమునకు చేరియుండెను. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రమేర్పడగా కోరాపుట్టు జిల్లాలోనికిని, 1992 అక్టోబరు 2న రాయగడ జిల్లాలోనికిని వచ్చినది. ఎల్లలెన్ని మారినను, పంటిబాధ కలిగినపుడు తెలుగువాడనుమాట యొక్కటియే: పన్ను పుచ్చినది, పురుగు పట్టినది.

ఈ పురుగు కథ మిక్కిలి ప్రాచీనము. సంస్కృత వైద్యగ్రంథములలో దీనికి క్రిమిదంతమని పేరు. నేలవాకుడు గింజల పొగ పట్టుట మన పల్లెలెరిగిన చికిత్స. ఫ్రెంచి దంతవైద్యుడగు పియేర్ ఫోషార్ 1728లో ప్రకటించిన గ్రంథమున, సూక్ష్మదర్శినితో వెదకినను పురుగు కానరాలేదని వ్రాసెను. కంటికి కానరాని క్రిములే పంటిని చెరచునని 1890 నాటికి మిల్లర్ వివరించెను. కావున పామరుల మాటలో సత్యము బొత్తిగా లేకపోలేదు!

మనవారు పురుగును వెళ్లగొట్టుటతోనే తృప్తిపడిరనుట న్యాయము కాదు. సుశ్రుతసంహిత దంతమూలమున చీము పారు రంధ్రమును దంతనాడియని పేర్కొని, ఉపేక్షించినచో నది దవడయెముకను భేదించునని హెచ్చరించినది. పన్ను తీసివేసి ఆ చోటును శుద్ధిచేసి కాల్చుమనియు, జాజి, మంగ మొదలగువాని కషాయముతో కడుగుమనియు, అతిమధురము, లొద్దుగ, మంజిష్ఠ, చండ్రలతో కాచిన తైలము శోధనకరమనియు చెప్పినది. ఇది చిగుళ్లలోని నాడియే గాని పంటి లోపలి నాళము కాదు. అయినను శోధనము లేక వ్రణము మానదను సూత్రమిందు స్పష్టముగా నున్నది.

పన్నును నిలుపుకొని దాని లోపలి నాళమునే శుభ్రపరచు యత్నము పందొమ్మిదవ శతాబ్దిలో బలపడినది. 1838లో అమెరికా వైద్యుడు ఎడ్వర్డు మేనార్డు గడియారపు స్ప్రింగును సానబట్టి నాళములోనికి పోవు పనిముట్టును చేసెను. 1864లో బార్నమ్ ఉమ్మి తగులకుండ పంటిచుట్టు రబ్బరు పొరను కట్టు పద్ధతి తెచ్చెను. 1867లో బౌమన్ గట్టాపెర్చాతో నాళమును పూడ్చెను. పూడ్చుట సులభము, కడుగుటయే కష్టము. ఏలయనగా నాళము నిలువుగొట్టము వంటిది కాదు. వాల్టర్ హెస్ పరిశోధనలు, 1925లో ఆంగ్లమున వెలువడినవి, చెట్టువేళ్లవలె చీలి అల్లుకొను నాళశాఖలను చూపినవి. అచ్చటికి లోహము చేరదు, ద్రవము చేరవలెను. ప్రథమ ప్రపంచ సంగ్రామమున డేకిన్ పుండ్లు కడుగుటకు వాడిన సోడియం హైపోక్లోరైటును, 1936లో వాకర్ పంటి నాళమునకు సిఫారసు చేసెను. బట్టలను తెల్లబరచు ద్రవములోని పదార్థమే యిది. చచ్చిన కండను కరగించును, క్రిములను చంపును. వేరుకొన దాటి పోయినచో తీవ్రమైన బాధ కలిగించును.

1910లో మాంట్రియలులో విలియం హంటర్ యను వైద్యుడు, చీము పట్టిన వేళ్లపై బంగారు తొడుగులు వేయుటను తీవ్రముగా ఖండించెను. ఆతడు నిందించినది అశుద్ధిని. జనము పెరికినది పండ్లను. బాగుపడదగిన పండ్లెన్నియో ఆ కలవరమున పోయినవి. 1965లో కాకెహాషి మొదలగువారు క్రిములు లేని యెలుకలలో పంటిగుజ్జు తెరువబడినను చెడదని చూపగా, దోషము పంటిది కాదు, క్రిములదే యని తేలినది.

గుణుపురము వంటి చోట ఈ శాస్త్రమునకు దూరమను మరియొక శత్రువు కలదు. నౌపడ నుండి పర్లాకిమిడికి 1900లో వచ్చిన చిన్న రైలు 1931లో గుణుపురము చేరినది; 2004లో నిలిచి, 2011లో పెద్ద పట్టాలపై మరల నడచినది. చీము పట్టిన పంటికి శోధనము పలుమారు ఒక్కరోజున ముగియదు. నాళమున మందుంచి, తాత్కాలికముగా మూసి, రోగిని మరల రమ్మందురు. లోపలి నరము తీసివేసినంతనే నొప్పి తగ్గుటచే, కొండదారిన వచ్చిన సవరగాని, ఊరి తెలుగువాడుగాని పని ముగిసినదనుకొని నిలిచిపోవుట సహజము. కొన్ని వారములలో తాత్కాలికపు మూత అరుగును, ఉమ్మితో క్రిములు మరల లోనికి దిగును, వాపు వచ్చును. ఆనాటికి పెరుకుట తప్ప వేరు దారి మిగులకపోవచ్చును.