రెండు గ్లాసుల మీద పడ్డ నింద: ఆబ్సింత్ కథ

1905 ఆగస్టు 28. స్విట్జర్లాండ్‌లో ఒక పల్లెటూరు. జాన్ లాన్‌ఫ్రే అనే కూలీ బాగా తాగి ఇంటికొచ్చి, గర్భంతో ఉన్న భార్యనీ, ఇద్దరు చిన్న కూతుళ్లనీ తుపాకీతో కాల్చి చంపేశాడు.

ఆ రోజు ఏం తాగాడు? వైన్, బ్రాందీ, ఇంకా ఏవేవో. వాటిలో ఆబ్సింత్ రెండే రెండు గ్లాసులు. కానీ పేపర్లూ, జనమూ పట్టుకున్నది ఆ రెండు గ్లాసుల్నే! నిషేధించాలని కొన్ని వారాల్లోనే 80 వేలకు పైగా సంతకాలు పడ్డాయి.

ఇంతకీ ఆబ్సింత్ అంటే ఏంటి? వర్మ్‌వుడ్ అనే చేదు మొక్కతో చేసే మందు. వినాయక చవితి పత్రిలో మాచిపత్రి ఉంటుంది చూడండి, దానికి ఇది దగ్గర చుట్టం. దీన్నీ, యానిస్, సోంపునీ ఘాటు స్పిరిట్‌లో నానబెట్టి డిస్టిల్ చేస్తారు. వచ్చేది నీళ్లలా ఉంటుంది. అందులో మళ్లీ ఇంకొన్ని ఆకులు నానేస్తే వాటి పచ్చదనం, వాసన స్పిరిట్‌లోకి దిగుతాయి. ఆకుల్లోని నూనెలు నీళ్లలో సరిగ్గా కరగవు, ఆల్కహాల్‌లో కరుగుతాయి. అందుకే ఆబ్సింత్‌లో ఆల్కహాల్ 45 నుంచి 74 శాతం దాకా ఉండేది. గ్లాసులో చల్లనీళ్లు పోస్తే ఆ నూనెలు విడిపోయి, మందు పాలలా తెల్లబడుతుంది.

మరి ఇంత ఘాటు మందు జనాల్లోకి ఎలా వెళ్లింది? 1860ల నుంచి ఫైలాక్సెరా అనే పురుగు ఫ్రాన్స్ ద్రాక్షతోటల్ని తినేసింది. వైన్ రేటు పెరిగింది, ఆబ్సింత్ చవకైంది. తోటలు కోలుకున్నాక, పోయిన మార్కెట్ వైన్ వాళ్లకి మళ్లీ కావాలి కదా!

సైన్స్ కూడా తోడైంది. పారిస్‌లో మన్యాన్ అనే డాక్టర్ జంతువులకి వర్మ్‌వుడ్ నూనె ఇచ్చి చూస్తే, వాటికి మూర్ఛలు వచ్చాయి. కానీ అది చిక్కటి నూనె. గ్లాసులో ఉండేది అందులో లవలేశం.

1908లో స్విస్ ఓటర్లు నిషేధానికి సరే అన్నారు. 1910లో అది అమల్లోకి వచ్చింది. 1915లో ఫ్రాన్స్ కూడా ఆపేసింది. దాదాపు వందేళ్ల తర్వాత, 2008లో, నిషేధానికి ముందునాటి సీల్ తీయని బాటిళ్లని పరీక్షించారు. అందరూ భయపడ్డ తూజోన్ లీటరుకి సగటున 25 మిల్లీగ్రాములే ఉంది. మనిషికి పిచ్చెక్కించే మోతాదు కాదది. స్విట్జర్లాండ్ 2005లోనే నిషేధం ఎత్తేసింది.

సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినప్పుడు ఒకటి నేర్చుకున్నా: కంటికి వింతగా కనిపించిన లైనే బగ్ అని ఫిక్స్ అయిపోతే, అసలు బగ్ అలాగే ఉండిపోతుంది. లాన్‌ఫ్రే రోజూ లీటర్ల కొద్దీ వైన్ తాగేవాడు. ఆ వైన్‌ని ఎవరూ నిషేధించలేదు. ఒక తల్లీ, ఇద్దరు పిల్లలూ పోయారు. శిక్ష మాత్రం ఆకుకి పడింది.

ఇవాళ ఇది తిరగబడింది. "హెర్బల్", "నేచురల్" అని రాసుంటే మంచిదే అనుకుంటున్నాం. అప్పుడు ఆకుని చూసి భయపడ్డారు, ఇప్పుడు ఆకుని చూసి నమ్ముతున్నాం. బాటిల్ మీద చూడాల్సింది ఆకు బొమ్మ కాదు ఫ్రెండ్స్, పక్కన చిన్న అక్షరాల్లో ఉన్న ఆల్కహాల్ శాతం. ఉంటా మరి, ఇంకో కథతో కలుద్దాం.