అంచలము నీడను: బంగ్లాదేశ గ్రామములలో శిశువుల నీటిమరణములు, వాని నివారణము

ప్రమాదమను సంస్కృతశబ్దమునకు మూలార్థము ఏమరుపాటు. తెలుగున నది క్రమముగా అర్థము మారి, తలవని తలంపుగా వచ్చిపడు ఆపదకు పేరై, ఆప్తులను పోగొట్టుకొన్నవారి నిట్టూర్పులో విధికి పర్యాయపదముగా స్థిరపడినది. శిశువులకు వాటిల్లు గాయములను, అకాలమరణములను గూర్చి విచారించువారు ఈ శబ్దమును దాని పూర్వార్థమునకే మరలించి, ఏమరినవారెవరని ప్రశ్నింపవలసియున్నది. తల్లియే యని తడుముకొనక చెప్పు సమాధానము ఎంత అన్యాయమో, అంతకుమించి ఎంత నిష్ప్రయోజనమో, గడచిన రెండు దశాబ్దులలో బంగ్లాదేశమున జరిగిన కృషి తేటపరచుచున్నది.

గంగా బ్రహ్మపుత్రా మేఘనా నదులు కొనితెచ్చిన ఒండ్రుతో ఏర్పడిన ఆ పల్లపు నేలలో, వరదనీరు ఇల్లు చొరకుండుటకై జనులు ప్రక్కనే మట్టి త్రవ్వి ఇంటినేలను మెరక చేయుదురు. త్రవ్విన గోయి వాననీటితో నిండి గుంటయగును. స్నానమునకు, బట్టలుతుకుటకు, గిన్నెలు తోముటకు, చేపల పెంపకమునకు ఆ గుంటయే ఆధారము. 2003వ సంవత్సరమున 1,71,366 గృహములలో, ఎనిమిది లక్షలకు పైబడిన జనులను గూర్చి జరిపిన ఆరోగ్య, గాయముల సర్వేక్షణము ఆ దేశమున ఏటేట దాదాపు 17,000 మంది బాలబాలికలు, అనగా దినమునకు సుమారు 46 మంది, నీట మునిగి మరణించుచున్నారని వెల్లడించినది. ఏడాది నిండి పదునెనిమిదేండ్లు నిండని వారి మరణకారణములలో నిదియే ప్రథమస్థానమున నిలిచినది. అంటువ్యాధులపై దృష్టి నిలిపిన వైద్యలోకమునకు ఈ సంఖ్య ఆశ్చర్యమును గొలిపినదనుటలో అతిశయోక్తి లేదు.

ఆ మరణములు ఏ వేళ, ఏ తావున సంభవించుచున్నవో పరిశీలించినప్పుడు విషయము మరింత విశదమైనది. మృతులలో అత్యధికులు నాలుగేండ్ల లోపు పసివారు. పెక్కుమంది మునిగినది ఇంటికి 20 మీటర్ల లోపు నున్న గుంటలోనే. వేళ, తరచుగా ఉదయము తొమ్మిది మొదలు మధ్యాహ్నము ఒంటిగంట వరకు. తండ్రి పొలమునకు, పెద్దపిల్లలు బడికి పోయియుండ, పొయ్యి, గిన్నెలు, పశువులు, బావమరుదుల భోజనములు అన్నియు ఒక్క స్త్రీ చేతులమీద పడు వేళ అది. నడక నేర్చి నీటిభయము నేర్వని బిడ్డ ఆమె కన్ను మరలిన నిమేషమున గుంట చేరును; మునుగు శిశువు కేక వేయలేదు గనుక చెంతనున్నవారికిని తెలియదు. ఇట్టి తల్లికి జాగ్రత్తను గూర్చి ఉపన్యసించుట క్రూరత్వమని నా నిశ్చితాభిప్రాయము. గుంటలకన్నిటికి కంచె కట్టుటయు సులభము కాదు. దినమునకు పలుమారులు దిగవలసిన నీటికి కట్టిన కంచె ద్వారము మూసియుండునని నమ్ముటెట్లు?

బంగ్లాదేశ గాయనివారణ పరిశోధన కేంద్రము 2006 మొదలు 2010 వరకు రాయ్‌గంజ్, శేర్‌పూర్, మనోహర్‌దీ ప్రాంతములలో నడపిన కార్యక్రమము ఈ నాలుగు గంటల కాలమునే లక్ష్యముగా గైకొనినది. గ్రామమున నొక స్త్రీ, సహాయకురాలితో గూడి, తన యింటనే ఇరువది ఇరువదియైదుగురు పసివారిని వారమునకు ఆరుదినములు, తొమ్మిది నుండి ఒంటిగంట వరకు, ఆటపాటలతో కనిపెట్టియుండును. ఆ కేంద్రమునకు పెట్టిన పేరు 'ఆంచల్'. అది మన నిఘంటువులలోని అంచలమే, తల్లి చీరచెంగే. ఆ స్త్రీని 'ఆంచల్ మా' యని పిలుతురు. నాలుగేండ్లు దాటినవారికి ఊరి గుంటలోనే వెదురుతో వేదిక కట్టి ఈత నేర్పిరి. 25 మీటర్లు ఈదుట, అరనిమిషము నీటిపై తేలియుండుట, మునుగువానిని ఒడ్డుననుండియే కర్ర అందించి లాగుట అందలి పరీక్షలు. ఈ కడపటి విద్యను నేను మిక్కిలి గౌరవింతును. తోడివానికై దూకి తానును మునుగు బాలుని దుఃఖము ఏరులు కాలువలు గల మన కోనసీమవారికి విడమరచి చెప్పనక్కరలేదు.

2012లో ప్రకటితమైన ఫలితముల ననుసరించి, ఆంచల్‌కు వచ్చిన శిశువులలో నీటిమరణములు 82 శాతము, ఈత నేర్చినవారిలో 93 శాతము తగ్గినవి. బిడ్డను కేంద్రమునకు పంపు కుటుంబము స్వభావముచేతనే మరింత జాగరూకమైనది కావచ్చునను ఆక్షేపణము న్యాయమైనదే; కాని ఇంతటి అంతరమును ఆ యొక్క కారణమునకే ఆపాదించుట నాకు సమంజసముగా దోపదు. స్వీడను దేశమున ఫాల్‌షోపింగ్ పట్టణమున 1970ల చివర ఆరంభమై, 1989లో స్టాక్‌హోమ్ మహాసభయందు ప్రకటనరూపము దాల్చిన సురక్షితసమాజ భావనము, సంపదలేని పల్లెలకు గూడ చెల్లునని ఈ అనుభవము ఋజువు చేసినది.

2022లో బంగ్లాదేశ ప్రభుత్వము 16 జిల్లాలలో 8,000 శిశుకేంద్రములను నెలకొల్పి, ఐదేండ్లలోపు రెండు లక్షల మంది శిశువులకు ఆశ్రయము కల్పింపను, ఆరు నుండి పదేండ్ల ప్రాయమువారు 3,60,000 మందికి ఈత నేర్పింపను నిర్ణయించినది. కాని ఒంటిగంటకు ఆంచల్ మా తన తలుపు మూయును. వారమునకొక దినము అసలే తెరువదు. ఆ మిగిలిన వేళలలో పసివానికిని గుంటకును నడుమ నిలుచువారెవరో నిర్ణయించు భారము గ్రామసంఘములపై నింకను అట్లే యున్నది.