మొఘల్‌పురా పేదరికం: ఈ పటం గీసిందెవరు?

పాతబస్తీ పేదరికం గురించి మాట్లాడితే చాలు, ‘వాళ్లు చదువుకోరు, మారరు’ అనే మాట వినిపిస్తుంది. మేం దీన్ని ఒప్పుకోం. నగరంలో పేదలు ఎక్కడ మిగలాలో తేల్చేది పని, అప్పు, కులం, ప్రభుత్వ ఖర్చు.

చార్మినార్ పక్కనున్న మొఘల్‌పురా ఒకప్పుడు నగరానికి అంచు కాదు, నడిబొడ్డు. 1908 మూసీ వరద తర్వాత నగరం ఉత్తర ఒడ్డుకు విస్తరించింది. చివరి నిజాం కూడా చౌమహల్లాలో కాక కింగ్‌కోఠిలో ఉన్నాడు. 1948 పోలీసు చర్యతో సంస్థానం పోయింది, 1949లో జాగీర్లు రద్దయ్యాయి. దేవిడీలను, సైన్యాన్ని, జాగీర్లను నమ్ముకున్న చిన్న నౌకర్లు, చేతిపనివాళ్లు ఒక్కసారిగా బతుకుదెరువు కోల్పోయారు.

కొత్త కొలువులు మాత్రం ఇటు రాలేదు. 1998లో సైబర్ టవర్స్ మాదాపూర్‌లో వెలిసింది. 2017లో మెట్రో మొదలైనా, మొదటి దశ ప్రణాళికలోని ఎంజీబీఎస్–ఫలక్‌నుమా భాగాన్ని అప్పుడు కట్టలేదు. కొలువు దూరమైతే ఆడవాళ్లకు మిగిలేది లక్కగాజులు, జర్దోజీ లాంటి ఇంటిపట్టు పనే. కూలీ లెక్క ముక్కకింత. పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు.

అప్పు కూడా వాడను చూసే పుడుతుంది. ముస్లింలు ఎక్కువగా ఉన్న కొన్ని ప్రాంతాలను బ్యాంకులు ‘నెగెటివ్ జోన్లు’గా పెట్టుకున్నాయని 2006 నాటి సచార్ కమిటీ నివేదిక చెప్పింది. బ్యాంకు తలుపు మూసుకుంటే వడ్డీ వ్యాపారి తలుపే దిక్కు. వేరే చోటికి పోదామంటే, పేరు, కులం అడిగి ఇల్లు అద్దెకివ్వని నగరం ఇది.

ఇక కులం సంగతి. మెహతర్ కులం మన ఎస్సీ జాబితాలో ఉంది. కానీ 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. చీపురు ఒకటే అయినా, ముస్లిం మెహతర్‌కు ఎస్సీ సర్టిఫికెట్ రాదు, అట్రాసిటీ చట్టం రక్షణ లేదు. జనగణన ఎస్సీ లెక్కలోనూ ఆ కుటుంబం కనబడదు. ఈ మతషరతు తీసేయాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే సిఫారసు చేసింది.

అందుకే బస్తీలో సర్వేకు వెళ్లే విద్యార్థులను మేం కోరేది ఒకటే: మతం రాసుకుని ఆగిపోకండి. కులం, తాతల నాటి వృత్తి, ముక్కకు వచ్చే కూలీ, అప్పు ఎవరి దగ్గర, ఇల్లు ఎవరి పేర ఉంది, ఇవన్నీ అడగండి. లెక్కలో లేని మనిషికి బడ్జెట్‌లోనూ చోటుండదు.