రంగస్థలముపై అంధనటులు

నాటకములలో అంధపాత్రలకు కొదువలేదు; ఆ పాత్రలను ధరించు అంధులే అరుదు. 1886 లో కలకత్తాలో ప్రదర్శింపఁబడిన గిరీశచంద్ర ఘోషు బిల్వమంగళ నాటకమున నాయకుఁడు తన కన్నులను తానే పొడుచుకొనును. ఆ వేషమువేసి పేరొందినవారు చూపుగల నటులు. గ్రుడ్డితనమును అభినయించినవానికి కరతాళములు, నిజముగా చూపులేనివానికి గుడిమెట్లు: ఇదియే మన సంఘము చేసిన పంపకము.

ఆ పంపకమునకు లోఁబడనివాఁడు కృష్ణచంద్ర దే. 1893 లో కృష్ణాష్టమినాఁడు జన్మించినందున అతనికి ఆ పేరు వచ్చెను. యౌవనము రాకమునుపే చూపు పోయెను. అతఁడు సంగీతమును ఆశ్రయించి, కీర్తనగానమున మిక్కిలి ప్రసిద్ధుఁడయ్యెను. 1924 లో శిశిరకుమార భాదుడీ ‘సీత’ నాటకమును ప్రదర్శించినపుడు వైతాళికుని వేషమును ఇతనికి ఇచ్చెను.

ఈ యెంపికను మనము కొంచెము పరికింపవలెను. వైతాళికుఁడు గాయకుఁడు. అతఁడు నిలిచి పాడిన చాలును. పరుగెత్తనక్కఱలేదు, కత్తి దూయనక్కఱలేదు. అంధునకు ఇది తెఱచిన తలుపు. కాని ఆ తలుపు వెనుకనున్న గది చిన్నది. తరువాత చలనచిత్రములలోను, 1932 నాఁటి ‘చండీదాస్’ మొదలుకొని, అతనికి తఱచుగా లభించినవి గాయకుల వేషములే. దర్శకులను నిందింపము; వారు అతని కంఠమునకు తగిన గౌరవమే చేసిరి. ఆ గౌరవము కంఠముదగ్గఱనే ఆగిపోయెనని మాత్రము మా యభిప్రాయము.

అయితే అతఁడు వేషములకై కాచుకొని కూర్చుండలేదు. 1931 లో రంగమహల్ నాటకశాలను నెలకొల్పినవారిలో అతఁడొకఁడు. సచిన్ దేవ్ బర్మన్ అతనియొద్ద శిష్యరికము చేసెను. అన్న కుమారుఁడైన మన్నా డే అతని పెంపకముననే గాయకుఁడయ్యెను. ఇంత చేసిన మనుష్యుని లోకము 1962 లో అతఁడు మరణించువఱకు ‘కానా కేష్టో’ అనియే పిలిచెను. అనఁగా గ్రుడ్డి కృష్ణుఁడు. ప్రేమతోనే పిలిచిరఁట! మన యిండ్లలోను ఇట్టి ప్రేమకు కొదువలేదు.

1996 లో అదే కలకత్తాలో ‘బ్లైండ్ ఒపేరా’ అను అంధుల నాటకబృందము ఏర్పడెను. ఇందు గాయకుని వేషమొక్కటే కాదు, అన్ని వేషములును వారివే. కాలిక్రింది నేల, అడుగుల లెక్క, తోడినటుని కంఠము వచ్చు దిక్కు — వీనినిబట్టి అంధనటుఁడు రంగమును కొలుచుకొనును. వారు ప్రదర్శించిన నాటకములలో రవీంద్రుని ‘రాజా’ (1910) ఒకటి. అందు రాజు తన రాణిని చీఁకటిగదిలోనే కలిసికొనును. ఆమెకు అతనిని కన్నులారా చూడవలెనని పట్టుదల. చూపునకై ఆ రాణి పెట్టు పోరును చూపులేనివారు ఆడుచుండఁగా, చూపుగల ప్రేక్షకులు ఎదుట కూర్చుండి చూచిరి.