ఎనిమిదో వంతు

దగ్గరికి జరగండి రా, చలి కొడతాంది. ఆ తుమ్మకంప ఇంకొంచెం మంటలోకి ఎగదొయ్.

పగలు మీరు రాళ్లేస్తాంటిరే, ఆ పాడుబడిన బావి మన పొత్తు బావి. గట్టు మీద రెండు రాతి కూసాలు చూసింటారు, వాటి నడుమ గిలక ఉండేది. తోలు బాన, రెండెద్దులు. ఎద్దులు వాలులో దిగితే బాన పైకొచ్చి కాలవలో కుమ్మరిస్తాది, వెనక్కి నడిస్తే మళ్లీ నీళ్లలో మునుగుతాది. పొద్దుగూకులూ కపిల తోలినా అర ఎకరా తడిస్తే గొప్ప.

బావి నలుగురిది. నాలుగు దినాలకొక తూరి వంతు. భూమి అమ్మినా పత్రంలో అట్లే రాసేది, బావిలో నాలుగో వంతుతో సహా అని. మా నాయన పోయినాక నేనూ మా తమ్ముడూ పంచుకుంటే నాది ఎనిమిదో వంతాయె. నవ్వొద్దు, దానికి సగం పొద్దు వచ్చేది. గడియారాలు యాడున్నాయి? కూసం నీడ కాలవ తాకితే నా వంతు అయిపోయినట్టు. ఒకనాడు నీడ తాకినాక నాలుగు బానలు ఎక్కువ తోలినానని మా తమ్ముడు ఆరు నెలలు నాతో మాట్లాడలా. వాని తప్పేమీ లేదు.

వంతు లేనోడు నీళ్లడిగితే ఇచ్చేవాళ్లమే, ఊరికే కాదు. కోతలప్పుడు కళ్లంలో మూడో పాలు కొలవాల్సిందే. అది ధర్మమేనా అంటే ఏం చెప్పేది? పాలు తీసుకున్నోన్ని నేను. ఇచ్చినోన్ని అడగాల.

కరంటు వచ్చె. 1983లో రామారావు సర్కారు వచ్చినాక హార్స్‌పవరుకు ఏడాదికి 50 రూపాయలే అనిరి. ఐదు హార్స్‌పవరు మోటరుకు 250. గంట ఆడినా అంతే, రాత్రింబగళ్లు ఆడినా అంతే. ఇంక నీడ చూసేదెవరు? 2004లో రాజశేఖర రెడ్డి మొదటి సంతకంతో ఆ బిల్లూ పోయె. ఊరికే కరంటిచ్చి చెడగొట్టిరని పట్నమోళ్లు అంటారు గానీ నేనొప్పుకోను. కాలవ కింద రైతుకు సర్కారే డ్యాము కట్టి, తీరువా కింద కొంచెం తీసుకుంటాది. మెట్టోడు అప్పు చేసి బోరేసుకోవాల. వానికి కరంటన్నా ఇస్తే ఏం పోయె?

మాకు దెబ్బ కొట్టింది ఇంకొకటి. పైచేను ఆసామి 400 అడుగులకు బోరు దింపె. మూడు నెల్లకు మన బావి అడుగు కనపడె. అడగబోతే, నా చేన్లో నేనేసుకుంటి అనె. అబద్ధం కాదు. 1882లో ఇంగ్లీషోళ్లు రాసిన ఈజ్‌మెంట్ల చట్టం కూడా అదే అంటాది, నీ నేల కింద నీళ్లు నువ్వు తోడుకోవచ్చని. పైన గట్టుంది, అడుగున గట్టుంటాదా? 2002లో వాల్టా చట్టం తెచ్చి, బోరు రాయించుకోండి, అనుమతి తీసుకోండి అనిరి. బోరు బండ్లు రాత్రిపూట వచ్చి తెల్లారేలోపల పోతాండె.

నేనేం తక్కువ తిన్యానా? నాలుగు బోర్లేసినా, మూట్లో గంగ పడలా. తిరుచెంగోడు బండోనికి నీళ్లు పడినా పడకపోయినా అడుగు లెక్కన ఇయ్యాల్సిందే. మీ అవ్వ కమ్మలు రెండో బోరుకు పోయినాయి, ఎద్దులు మూడోదానికి. కరంటు బిల్లులో మిగిలిన దుడ్డంతా ఆ అడుగులకే చాలలా.

ఆ తర్వాత మీ మేనత్త ఊర్లో ఒకటి చూస్తి. కరువు జిల్లాలు ఏడింట్లో పెట్టినారంట అది. రైతులే, ఆడోళ్లు గూడా, బోర్లలోకి కొలత దింపి నీళ్లెంత లోతులో ఉండాయో గోడ మీద రాస్తాండ్రి. వానెంత పడె, వరి పెడితే ఎంత తాగుతాది, శెనక్కాయకెంత అని పైరు పెట్టకముందే అందరూ కూచొని లెక్కేసేది. వరి వద్దని ఎవరూ అనలా. జరిమానాలూ లేవు. గోడ మీది అంకె చూసి మీ మామే సగం వరి మాన్పుకొనె. నాకా గోడ చూస్తే మా కూసం నీడ మతికొచ్చె.

ఇనపడ్తాందా, బుస్సుమని? కరంటొచ్చె. ఆడ మనిషి లేడు, ఆటో స్టార్టరు దానంతటదే మోటరేసుకునింది. ఒరే పెద్దోడా, టార్చి తీసుకో, పోయి మడవ తిప్పి రా. నీళ్లు దోవలోకి పోతాంటాయి.