రాతతో ఇల్లు నడిపిన క్రిస్తీన్

పిహెచ్‌డి పూర్తయ్యాక చేసిన పనులన్నీ ఒక ఉద్యోగ దరఖాస్తులో వరుసగా రాశాను. అనువాదాలు, ప్రూఫులు దిద్దడం, పుస్తకాల అట్ట వెనక మాటలు, కరపత్రాలకు రాత, పేజీల కూర్పు. ఇంటర్వ్యూలో ఒక పెద్దమనిషి అది చూసి, "ఇవన్నీ చిల్లర పనులు కదమ్మా, నీ అసలు పని ఏమిటి?" అన్నారు. ఆ రోజు జవాబు తోచలేదు. తర్వాత, 600 ఏళ్ల కిందటి ఒక స్త్రీ జీవితం చదువుతుంటే దొరికింది.

క్రిస్తీన్ ద పిజాన్ 1364లో వెనిస్‌లో పుట్టింది. తండ్రి ఫ్రాన్స్ రాజు అయిదవ చార్లెస్ కొలువులో జ్యోతిష్కుడు కావడంతో పారిస్‌లో పెరిగింది. పదిహేనేళ్లకు పెళ్లయింది. భర్త రాజుగారి కార్యదర్శి. 1380లో రాజు పోయాడు. ఆ తర్వాత తండ్రి పోయాడు. 1390లో అంటువ్యాధి వచ్చి భర్త పోయాడు. అప్పటికామెకు పాతికేళ్లు. ముగ్గురు పిల్లలు, తల్లి ఆమె మీదే ఆధారం. భర్తకు రావలసిన డబ్బు కోసం ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగింది.

రాత అక్కడ మొదలైంది. వైధవ్య దుఃఖం మీద గేయాలు రాసింది. కొలువులో గిరాకీ ఉన్న ప్రేమగేయాలూ రాసింది. 1404లో బర్గండీ ప్రభువు ఫిలిప్ అడిగితే చార్లెస్ రాజు చరిత్ర రాసింది. 1410 ప్రాంతంలో యుద్ధవిద్య మీద కూడా ఒక గ్రంథం రాసింది.

సాహిత్య చరిత్రలు సాధారణంగా ఈ జాబితా దగ్గరే ఆగిపోతాయి. కానీ అచ్చు లేని కాలంలో రాయడం సగం పనే. లేఖకుల చేత ప్రతులు రాయించాలి, ఏ బొమ్మ ఎక్కడ రావాలో చిత్రకారులకు చెప్పాలి. క్రిస్తీన్ ఇదంతా దగ్గరుండి చేయించింది. పేజీల అంచులకు బొమ్మలు వేసే అనస్తాసియా తనకు పనిచేసిందని, ఆమెను మించినవారు పారిస్‌లో లేరని 1405 నాటి 'స్త్రీల నగరం'లో రాసింది. ఆ మాట రాయకపోతే అనస్తాసియా పేరు మనదాకా వచ్చేదే కాదు.

పుస్తకానికి ఆదరణ సంపాదించుకోవడమూ ఆమె పనే. ఒకే రచనను వేరువేరు అంకితాలతో వేరువేరు ప్రభువులకు పంపేది. ఇసాబో రాణికిచ్చిన పెద్ద సంపుటి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. దాని మొదటి చిత్రంలో నీలం గౌను, తెల్లని తలగుడ్డతో ఆమె రాణికి పుస్తకం అందిస్తూ కనిపిస్తుంది. ఇతర ప్రతుల్లోనూ తరచు అదే వేషం. అందులో నాకు వినయం కంటే, తన ముఖం గుర్తుండాలన్న పట్టుదలే ఎక్కువ కనిపిస్తుంది.

దీన్ని స్వేచ్ఛ అని పొగడలేను. ప్రభువుల దయ మీద నడిచిన ఇల్లు అది. చార్లెస్ చరిత్ర పూర్తికాకముందే ఫిలిప్ చనిపోయాడు. అయినా, స్త్రీలను కించపరిచే 'గులాబీ కథ'ను మెచ్చుకున్న పండితులతో 1401-02లో ఉత్తరాల్లో వాదించింది. ఆ ఉత్తరాలను తనే ఒక పుస్తకంగా కూర్చి రాణికి పంపింది. కూర్పు, పంపకం తెలియకపోతే ఆ వాదం నలుగురు మగవాళ్ల మధ్యే ఉండిపోయేది.

1488లో పారిస్‌లో ఆమె యుద్ధవిద్యా గ్రంథాన్ని అచ్చువేసినప్పుడు ఆమె పేరు తీసేశారు. ప్రతులు చేయించే చేయి లేకపోయేసరికి పేరూ పోయింది. ఆ పెద్దమనిషి మళ్లీ అడిగితే చెబుతాను, అవన్నీ నా అసలు పనేనని.